మూడించుల పైపు, గాలయ్య మూలుగు

లాల్‌గడి మలక్‌పేట్‌ల ఎవలనన్న అడుగుండ్రి — పొద్దుమీకినంక ఆ వెంచర్ కమాను దిక్కు పోతరా అని. చెప్పులు చేతుల పట్టుకొని ఉల్టా ఉరుకుతరు గని, అటు మాత్రం పోరు.

షామీర్‌పేట్ నుంచి ఊర్లెకు వచ్చే తొవ్వల, ఊరు ఇంక కూతవేటు దూరం ఉన్నదనంగ, ఎడమ దిక్కుంటది ఆ కమాను. అటొకటి ఇటొకటి సిమెంటు గుర్రాలు. ఒకదానికి మూతి లేదు. పైన వెంచర్ పేరు ఉండె, సగం అక్షరాలు రాలిపోయినయి, మిగిలినయి కలిపి చదివితే తిట్టు లెక్క ఉంటది. లోపల హద్దురాళ్లు, తుమ్మచెట్లు, ఒక మూలకు వాచ్‌మెన్ గది. భూముల ధరలు నెత్తికెక్కినప్పుడు లేపిన కమాను అది. ధరలు పడంగనే కంపెనీ వాళ్లు కార్లు తిప్పుకొని మాయమైండ్రు. వాచ్‌మెన్ గాలయ్యకు "నువ్వు కూడా పో" అని చెప్పుడు మాత్రం మర్చిపోయిండ్రు.

పాపం, గాలయ్య కావలి కాసుకుంటనే ఉన్నడు. దేనికి కావలి? తుమ్మచెట్లకు! ఒక చలికాలంల ఆ గదిలనే పానం ఇడిసిండు. కంపెనీ నుంచి ఒక్క పురుగు రాలే.

గా తర్వాత మొదలైంది... మూలుగు.

"ఊఁ... ఊఁఊఁ... ఊఁ..."

రోజూ కాదు. ఒక్కో పొద్దు. మసక చీకటి పడే యాళ్లకు — ఆ గదిల నుంచి.

కూరగాయలమ్మే ఐలమ్మ విన్నది. గంప ఆడనే పడేసి వచ్చి జ్వరంల పడ్డది. ఆటో మోయిజ్ విన్నడు. అప్పటి సంది కమాను దగ్గరికి రాంగనే ఆటోల పాటలు ఫుల్ సౌండ్ పెడుతడు, ఊరు దాటినా తగ్గియ్యడు. ఇగ చర్చి సంఘపెద్ద జయరాజు ఉన్నడు గదా, ఆదివారం ఆదివారం లేచి నిలబడి "దేవుని నమ్మినోనికి దెయ్యమేందిరా" అని గద్దించేటోడు — ఆయన సుత, ఆ కమాను ముచ్చట రాంగనే గొంతు తగ్గించి, "ఎందుకైనా మంచిది... పొద్దుమీకినంక అటు పోకుండ్రి" అంటడు.

పెద్దమనిషే గట్లంటే ఊరికి ధైర్యం యాడికెల్లి వస్తది?

నవ్వేటోడు ఒక్కడే. మేడ్చల్ విక్టర్. మందుల కంపెనీల నౌకరి, తెల్లంగి, సలువ కండ్లద్దాలు. జయరాజు బిడ్డ క్రిస్టీనాది సుత అదే కంపెనీ. ఆ పిల్లను చూసెతందుకు ఏదో ఒక సాకుతోని ఊర్లెకు వచ్చిపోతుండె. "నేను ఎన్నిసార్లు ఆ కమాను ముందటికెల్లి వచ్చిన... ఒక్కనాడన్న ఏమన్న వినబడ్డదా? మీ ఊరోళ్లంత ఉత్త పిరికోళ్లు" అని ఆ పిల్ల ముందట ఛాతీ ఇరిచేటోడు.

ఎట్ల వినబడుతది నాయినా? నీ కారు అసొంటిది!

సెకండ్‌హ్యాండ్‌ల కొన్నడు. ఎర్ర కారు, టర్బోది. టర్బో అంటే పెద్ద మాయేం కాదు — ఇంజన్ ఇడిసే పొగ పోతూపోతూ ఒక చక్రాన్ని తిప్పుతది, ఆ చక్రం ఇంజన్లకు గాలిని జబర్దస్తీగ నూకుతది. పొగ ఎంత సులువుగ బయటపడితే కారు అంత ఉరుకుతది. అందుకే ముందటి ఓనరు కంపెనీ సన్నపైపు పీకి, మూడించుల పైపు ఏయించిండు. ఎనుక సప్పుడాపే డబ్బా కూడా తీసేసిండు. ఆ పైపుల పిల్లిపిల్ల దూరి పండుకోవచ్చు.

స్టార్ట్ చేసిండంటే మేడ్చల్ల చాయ్ గిలాసలు నడుసుకుంట పోయి బల్ల మీదికెల్లి కింద పడేవి. జనం చెవులల్ల ఏళ్లు పెట్టుకుంటే, మనోడు అద్దంల చూసుకొని మురిసేటోడు. "వీళ్లకు చెవులు లేవు" అనేటోడు. ఆ సప్పుడంటే వానికి పానం.

అది జయరాజుకు మాత్రం గొంతుల ముల్లు. ఒకనాడు విక్టర్‌ను పిలిచి, అరుగు మీద కూసోబెట్టిండు.

"ఏం బాబూ. నా బిడ్డను అడుగుతున్నవట."

"అవునంకుల్..."

"నీ కారు నోరే మూయించలేనోనివి. సంసారం ఏం జేస్తవ్?"

విక్టర్ చేతుల ఉన్న కారు తాళంచెవిని జేబుల దాసిండు.

"వచ్చే ఆదివారం రాత్రి మా ఇంట్ల ప్రార్థన కూటం ఉన్నది. పాస్టర్ గారు వస్తరు. మంచిగుంటే ఆయన ముందటనే పెండ్లికి ఒప్పుకుందం. గా కార్లనే రావాలె — ఆటోల వచ్చి నన్ను మోసం చేస్తనంటే నడువదు. అగో, ఆ కమాను దాటంగ నీ కారు సప్పుడు నా చెవుల పడ్డదా... ఆడికెల్లి అటే తిప్పుకొని పో. మా మేనత్త మనుమడున్నడు. సైకిల్ తొక్కుతడు. ఎంత బుద్ధిమంతుడో."

గేటు కాడ క్రిస్టీనా గుసగుసగ అన్నది, "మా నాయిన అన్నడంటే అన్నట్టే. నాకు ఆ సైకిలాయన వద్దు విక్టర్. ఆయన సైకిల్ దిగినా గంట కొడుతనే ఉంటడు. ఆ డబ్బా ఏందో... జల్దీ పెట్టియ్యి."

పిల్ల కండ్లల్ల నీళ్లు చూసినంక విక్టర్‌కు నిజంగనే గుండె జారింది.

ఇగ సురువైంది డబ్బా ఎంపిక. మనోడు రాత్రులు కంప్యూటర్ ముందట కూసొని లోకం మీద ఉన్న కార్ల పిచ్చోళ్లందరు రాసింది చదివిండు. ఒకడు పొట్టి డబ్బా అంటడు, ఒకడు పొడుగుది అంటడు, ఇంకొకడు అసలు డబ్బా పెట్టేటోడు మగోడే కాదంటడు. అంత చదివి, బుర్ర ఖరాబు చేసుకొని, మేడ్చల్ల హైవే మీద సైలెన్సర్లు అతికే చోటే మియా దగ్గరికి పోయిండు.

"భాయ్, మంచి మఫ్లర్ కావాలె."

చోటే మియా పై నుంచి కిందికి చూసిండు. "మఫ్లరా? బజార్ల బట్టల దుకాన్ ఉన్నది, పో. ఊలుది తీస్కో, చెవులకు చుట్టుకో. ఈడ సైలెన్సర్ దొరుకుతది."

"గదే భాయ్... ఇంగ్లీషుల గట్లంటరు. సప్పుడు అస్సలు రావద్దు. కానీ టర్బో గొంతు పిసకొద్దు. సన్నగ, మెరిసెటట్టు ఉండాలె. ఇంకా... కొంచెం సప్పుడు ఉండాలె. గంభీరంగ."

"అంటే మామకు వినపడొద్దు, కండ్లకోయ కాలేజీ పోరలకు వినపడాలె. గంతేనా?"

"హౌ భాయ్!" అన్నడు విక్టర్ సంబరంగ.

"యా అల్లా" అన్నడు చోటే మియా.

మొదాలు ఒక కంపెనీ డబ్బా పెట్టిండు. సప్పుడు బంద్! విక్టర్ నవ్వుకుంట హైవే ఎక్కిండు. ఎక్కితే ఏముంది, మూడించుల పైపు పోయి ఆ డబ్బా సన్న మూతిల ఇరుక్కున్నది. పొగ పోనియ్యక టర్బోకు ఊపిరాడలే. కండ్లకోయ కాడ కాలేజీ బస్సు దాటేసి పోయింది. కిటికీలల్ల నుంచి పోరలు చేతులూపి మరీ టాటా చెప్పిండ్రు. మనోని మొఖం కారు కంటె ఎర్రగయింది.

రెండోసారి పొట్టి డబ్బా. తళతళ మెరుస్తది, అరిచెయ్యి పట్టేంత మూతి. "కసమ్ సే, ఈగ లెక్క ఉంటది సప్పుడు" అన్నడు చోటే మియా. నిలబడి ఉన్నంతసేపు ఈగనే. రోడ్డెక్కి కొంచెం స్పీడు అందుకోంగనే లోపల మోత మొదలైంది — పండ్లు అదురుతున్నయి, అద్దం అదురుతున్నది, విక్టర్ మెదడు కూడా అదిరింది.

"భాయ్, ఇది ఈగ కాదు, తేనెతుట్టె!"

"అలవాటైతది మియా."

"నాకైతది భాయ్, మామకెట్లయితది?"

అట్ల ఇద్దరు ఒకల మీద ఒకలు ఎగురుతుంటె, చోటే మియా పెండ్లాం హజీరా టిఫిన్ డబ్బా పెట్టెతందుకు వచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకొని చూసింది. "పెద్ద పైపుకు పెద్ద మూతి ఉండాలె, పెద్ద కడుపు ఉండాలె. సప్పుడంత కడుపుల దాసుకోవాలె గదా. పొట్టి డబ్బాల కోసం మీ ఇద్దరికి ఏం కొట్లాట? మీకు సక్కదనం కావాల్నా, పిల్ల కావాల్నా?"

చోటే మియా పొట్టి డబ్బాను చేతుల అటిటు తిప్పి చూసిండు. తర్వాత "నేను గదే చెప్పబోతున్న" అన్నడు.

అట్ల కుదిరింది. మూతి మూడించులే, లోపలికెల్లి సీదా పోయే, బొక్కలు పొడిసిన పైపు, దాని సుట్టు దూది లెక్క దట్టంగ కూరిన గాజు ఊలు, బాన లెక్క కడుపు. పొగకు అడ్డం లేదు, సప్పుడు మాత్రం ఊలుల ఇంకిపోతది. ఇంక మిగిలే మోత కోసం నడిమిట్ల ఇంకొక పొడుగు డబ్బా. అంత లావు డబ్బా పట్టెతందుకు జాగ లేదు, అందుకని స్టెప్నీ టైరు పెట్టే గుంత కోసి పారేసిండు.

"మరి స్టెప్నీ యాడ పెట్టాలె భాయ్?"

"మామ నెత్తి మీద పెట్టు."

పని అయినంక చోటే మియా కేకేసిండు, "ఏది, స్టార్ట్ చెయ్యి!"

"చేసిన భాయ్. నడుస్తాంది."

చోటే మియా నమ్మక ఎనుకకు పోయి పైపు కాడ చెయ్యి పెట్టి చూసిండు. వెచ్చటి గాలి తగిలింది. నడుస్తాంది!

విక్టర్‌కు సంబరమే. కానీ లోపట ఏదో కలుక్కుమన్నది. తన కారు గొంతు తనే కోసినట్టయింది వానికి. అందుకే హజీరా పోయినంక చోటే మియా చెవుల మెల్లగ అడిగిండు — డబ్బాల కంటె ముందట, పైపుకు ఒక మూత పెట్టుమని. సీటు కింద తీగ ఉండాలె. గుంజితే మూత తెరుసుకొని, పొగ డబ్బాలల్లకు పోకుంట సీదా బయట పడాలె... పాత గర్జన తిరిగి రావాలె.

"ఔర్ మామ?"

"మామ ఊర్లె గుంజను భాయ్. ఒట్టు."

ఆదివారం వచ్చింది.

అప్పటికింక తెలంగాణ రాలే. కరెంటు ఎప్పుడు పోతదో, పోతే ఎప్పుడు వస్తదో తెల్వని రోజులు. విక్టర్ షామీర్‌పేట్ దాటి ఊరి తొవ్వ పట్టెసరికి పొద్దుమీకింది, కరెంటు పోయింది. సప్పుడు వస్తున్నదా లేదా అని చూసుకునెతందుకు అద్దాలు కిందికి దించిండు.

ఏం సప్పుడు లేదు. అబ్బ... కారు పిల్లి లెక్క పోతాంది.

టైరు కింద కంకర నలిగింది — వినబడ్డది. చెరువు దిక్కు కప్పలు — వినబడ్డయి. యాడనో కుక్క దగ్గింది, అది కూడా వినబడ్డది. లోకంల ఇన్ని సప్పుళ్లున్నయని మనోనికి అప్పటిదాంక తెల్వనే తెల్వదు.

కమాను కనబడ్డది. మూతి లేని గుర్రం మీద లైటు పడ్డది.

"ఊఁ..."

విక్టర్ చెవులు నిక్కపొడిసినయి. బేరింగ్ పోయిందా ఏంది? కారు నెమ్మది చేసిండు.

"ఊఁ... ఊఁఊఁ..."

హజీరా డబ్బానా? కొత్తది గదా... మూలుగుతాందా? మూలుగుతే మామకు వినబడుతది. పిల్ల పోతది! కమాను ముందటనే కారు ఆపి, చెవి బయటపెట్టి విన్నడు. తెల్వలే. ఇంజన్ బంద్ చేసిండు.

ఇంజన్ బంద్ అయింది.

మూలుగు... బంద్ కాలే.

గప్పుడు ఎక్కింది మనోని బుర్రకు. ఇన్నాళ్లు తనకు ఎందుకు వినబడలేదో. ఐలమ్మ గంప గుర్తొచ్చింది. మోయిజ్ పాటలు గుర్తొచ్చినయి. 

ఆ గదిల నుంచి... గొంతు లేసింది. ఎవలో పీక పిసుకుతుంటె అరిసినట్టు. మీదికి పోయింది, కిందికి వచ్చింది, నడిమిట్ల ఇరిగింది.

"రా... వా... ఆఁ..."

విక్టర్ తాళంచెవి తిప్పిండు. క్లచ్ మీదికెల్లి కాలు జారింది. కారు ఒక్కసారి ఎగిరి ఆగిపోయింది.

"రా... వా... గదిలోకీ... ఈఈ..."

పిలుస్తాంది! పేరు పెట్టకుంట పిలుస్తాంది... గదిలోకి!

మళ్ల తాళం తిప్పిండు. ఇంజన్ అందుకున్నది. అందుకున్నట్టు కూడా వినబడలే, అంత మెత్తగ నడుస్తాంది దరిద్రం. ఆ మెత్తదనంలకెల్లి మూలుగు ఇంక పెద్దగ వినబడుతాంది. చెయ్యి దానంతటదే సీటు కిందికి పోయింది. తీగ దొరికింది.

గుంజితే ఈ మూలుగు వినబడదు. కానీ గుంజితే... జయరాజుకు వినబడుతది. క్రిస్టీనా పోయి ఆ సైకిల్ వెనుక కూసుంటది. గంట కొట్టుకుంట.

గుంజలే. పండ్లు బిగబట్టిండు. "క్రిస్టీనా... క్రిస్టీనా..." అని జపం చేసిండు.

"గది... లోకీ... రా... వా... ఆఆఆ..."

గుంజిండు!

గుంజి, ఎక్సిలేటర్ మీద నిలబడ్డడు. మూడించుల పైపు నోరంత తెరిచి ఉరిమింది. తుమ్మచెట్ల మీద కొంగలన్ని ఒక్కపారి లేసినయి. గది రేకు తలుపు ధన్‌మని తెరుసుకున్నది... లోపటికెల్లి తెల్లగ ఏదో బయటికి దుంకింది! తలకాయ లేదు... ఉన్నది, నల్లటి బట్ట సుట్టుకొని ఉన్నది. రెండు చేతులు మీదికెత్తి, సీదా కారు మీదికే ఉరికొస్తాంది —

"గాలయ్యా! నీ కాళ్లు మొక్కుత, నన్ను ఇడిసిపెట్టు గాలయ్యా!"

 దెయ్యం... దెయ్యానికి మొక్కుతదా?

విక్టర్ ఎక్సిలేటర్ మీదికెల్లి కాలు తీసిండు. ఇంజన్ బంద్ చేసిండు. లైటు ఎలుతుర్ల ఆ ఆకారం మూతి లేని గుర్రానికి తగిలి, ఆడనే కూలబడ్డది. తలకు చెవులకు సుట్టుకున్న ఊలు మఫ్లర్ జారింది.

"అంకుల్...?"

"ఎవలు... విక్టరా?"

జయరాజు! సంఘపెద్ద జయరాజు!

 పెద్దాయన ఆయాసం తీర్చుకున్నడు. పంచె దులుపుకున్నడు.

"ఈడ... ఏం జేస్తున్నరంకుల్?"

"పాట" అన్నడు జయరాజు, గుసగుసగ. "ఇయ్యాల కూటంల పాడుదామని... ప్రాక్టీసు. 'రావా ప్రభువా, నా గుండె గదిలోకీ' అని. నేనే కట్టిన. ఇంట్ల మా అమ్మ ఎలీషమ్మ పాడనియ్యది. నువ్వు పాడితే బర్రె పాలు చేపుతలేదంటది. చర్చిల పాటల బృందమోళ్లు 'అన్నా, మీరు ప్రార్థన చూసుకోండ్రి, పాట మేం చూసుకుంటం' అంటరు. గీ గదిల గొంతు మంచిగ మోగుతది. చెవులకు గాలి తగలకుంట ఇది సుట్టుకుంట."

"ఊరంత గాలయ్య మూలుగు అనుకుంటున్నరు గదా!"

"ఎరుకనే. మొదాలు చెప్దమనుకున్న. తర్వాత... ఎవలు రాకుంటనే మంచిగున్నదని ఊకున్న." తలకాయ దించుకున్నడు. "నీ బండి ఒక్కటే వచ్చేది. వచ్చినప్పుడల్లా నా రాగం చెడగొట్టి పోయేది."

ఓహో! కారు సప్పుడు మీద కోపం సంసారం కోసం కాదు, రాగం కోసం — గిదా సంగతి! విక్టర్‌కు నవ్వు పొంగుకొచ్చింది. "మరి దెయ్యాల్లేవంటరు గదంకుల్. ఇప్పుడు 'గాలయ్యా' అని ఎవలికి మొక్కిండ్రు?"

"బండి వచ్చిన సప్పుడే లేకుంట ఒక్కపారి ఉరిమితే గాలయ్యనే అనుకున్న. నమ్మకం లేదు బాబూ. భయం ఉన్నది."

అని లేచి నిలబడ్డడు. నిలబడంగనే మళ్ల సంఘపెద్ద అయిపోయిండు. "కానీ మాట మాటనే. కమాను కాడ నీ కారు సప్పుడు విన్న. చెవులు బద్దలైనయి. తిప్పుకొని పో."

విక్టర్ నవ్వు ఆడనే సచ్చిపోయింది. "అంకుల్, భయానికి గుంజిన... లేకుంటె అస్సలు సప్పుడే రాదు, మీరే చూడుండ్రి —"

"తిప్పుకొని పో అంటున్న."

పోయెతందుకు కారు డోరు తీసిండు విక్టర్. ఎనుక నుంచి గొంతు వినబడ్డది. ఇప్పుడు అండ్ల పెద్దరికం లేదు.

"విక్టర్... నిజం చెప్పు. మూలుగు లెక్కనే ఉంటదా?"

విక్టర్ ఆగిండు. మేడ్చల్ల చెవులల్ల ఏళ్లు పెట్టుకున్నోళ్ల మొఖాలు యాదికొచ్చినయి. వాళ్లకు చెవులు లేవని తను ఎన్నిసార్లన్నడో! ముసలాయన మీద ఒక్కసారి మస్తు జాలేసింది.

"లేదు మామా" అన్నడు. "మస్తు గంభీరంగ ఉంటది."

మొఖం మీద మామా అనుడు అదే మొదటిసారి. అంత పెద్ద అబద్ధం ఆడుడు కూడా.

జయరాజు మఫ్లర్‌తోని కండ్లు ఒత్తుకున్నడు. "పిల్ల సంగతి... ఆలోచిస్త. ముందుగాల నువ్వు కూసో. రెండో చరణం ఇను. ఎవలు ఇనలే ఇప్పటిదాంక."

కారు బానెట్‌కు ఆనుకొని, కండ్లు మూసుకొని ఎత్తుకున్నడు. "రా... వా... ఆఁ..." ఊర్ల తలుపులు ఒక్కొక్కటి దబ్బదబ్బ మూసుకునుడు ఈడిదాంక వినబడ్డది. విక్టర్ కారు లోపల కూసొని, పండ్లు గిట్టకరిచి, స్టీరింగ్ మీద ఏళ్లతోని తాళం కొట్టిండు. పిల్ల కోసం మనిషి ఏదైనా ఓర్సుకోవాలె గదా.

చరణం అయిపోయింది. జయరాజు నోరు మూసిండు.

పాట... ఆగలే.

"ఊఁ... ఊఁఊఁ... ఊఁ..."

తెరిచి ఉన్న ఆ గదిల నుంచి. మెత్తగ. అదే పాట... కానీ రాగం సక్కగున్నది.

జయరాజు కండ్లు తెరిచిండు. పెదవుల మీద ఏలు పెట్టి చూసుకున్నడు — మూసుకునే ఉన్నయి. మెల్లగ, ఒక్కొక్క అడుగు ఏసుకుంట వచ్చి, కార్ల కూసొని, డోరు పెట్టుకున్నడు. అద్దం మీదికెత్తిండు. మూలుగు అద్దంలకెల్లి కూడా వస్తాంది.

"విక్టర్... ఇందాక ఏదో గుంజినవు గదా..."

"తీగ మామా."

"గుంజు." ముసలాయన రెండు చేతులతోని విక్టర్ అంగి పట్టుకున్నడు. "గట్టిగ గుంజు అల్లుడా!"